తిరుపతిలో కారుకు నమ్మకమైన షెడ్డు వెతుక్కోవడం ఎలా?

కారు కొనేముందు పదిమందిని అడుగుతాం, రంగు దగ్గరే ఇంట్లో వారం రోజులు గొడవ పడతాం. అదే కారు ఎక్కడో టకటకమనడం మొదలుపెడితే మాత్రం దారిలో కనబడిన మొదటి షెడ్డు ముందు ఆపేసి, "అన్నా, కొంచెం చూడన్నా" అని తాళం చేతిలో పెట్టేసి ఆటో ఎక్కేస్తాం. నేనూ అంతే చేశాను, రెండేళ్ల కిందట.

నాది పదేళ్లు దాటిన పెట్రోల్ కారు, నంబర్ ఇంకా ఏపీ 03 మీదే ఉంది. చుట్టాలను ఎక్కించుకుని కొండకు బయల్దేరాం. అలిపిరిలో చెకింగ్ అయ్యి నాలుగు మలుపులు తిరిగామో లేదో బండి జర్కులు కొట్టడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే ముసలాయన దగ్గినట్టు దగ్గుతోంది, మీటర్లో ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు మినుకుమినుకుమంటోంది. ఎక్కే రోడ్డు ఒకవైపుదే కదా, వెనక్కి తిప్పడానికి లేదు. గోవిందా గోవిందా అనుకుంటూ సెకండ్ గేర్లో ఎలాగో పైకి చేరాం. మర్నాడు కిందికొచ్చి మా వీధి చివర షెడ్డులో చూపిస్తే ఆయన బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూశాడు. "సెన్సరు పోయిండాది సామీ, మార్చేద్దాం" అన్నాడు. మార్చాడు. 4,800 అయింది. లైటు ఆరిపోయింది, నేను సంతోషంగా ఇంటికొచ్చాను, నాలుగో రోజు పాకాల పోతుంటే మళ్లీ అదే దగ్గు.

ఆ తర్వాత ఎక్కడికెళ్లాను, ఏం జరిగిందన్నది కింద చెబుతాను. ముందు ఒక మాట. మన దగ్గర షెడ్డులో "చూసినందుకు" ఎవరూ డబ్బులు అడగరు, మనమూ ఇవ్వం. గంటసేపు బండి కిందపడి వెతికినవాడు "ఏమీ లేదన్నా, క్లిప్పు ఊడింది, పెట్టేశాను" అంటే థ్యాంక్స్ చెప్పి, టీ తాగిస్తానని చెప్పి వచ్చేస్తాం. మరి అతని గంటకు కూలి ఎక్కడినుంచి రావాలి? ఏదో ఒక పార్టు మారిస్తేనే వస్తుంది. అలాంటప్పుడు వెతకడం మీద కన్నా మార్చడం మీద మనసు పోతే తప్పు పూర్తిగా అతనిదే అనలేం. అందుకే నేనిప్పుడు ఏ షెడ్డుకెళ్లినా మొదటే చెప్పేస్తాను: "అన్నా, ముందు రోగం ఏంటో తేల్చు. దానికి నీ కూలి వేరేగా ఇస్తాను, ఏమీ మార్చకపోయినా ఇస్తాను." ఈ ఒక్క మాటతో బేరం మొత్తం మారిపోతుంది, చాలామంది మెకానిక్‌లు మొదట నమ్మరు కూడా. కింద చెప్పేవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

1. షెడ్డుకు పోకముందే రోగం కాగితం మీద పెట్టండి

"బండి ఏదో సౌండ్ వస్తోంది" అని చెబితే డాక్టరు దగ్గరికెళ్లి "ఒంట్లో బాగాలేదు" అన్నట్టే. ఫోన్లో నోట్స్ తెరిచి ఇవి రాసుకోండి: ఎప్పటినుంచి, పొద్దున్నే చల్లబండికి వస్తోందా వేడెక్కాక వస్తోందా, ఎంత స్పీడులో, ఏ గేర్లో, ఏసీ వేస్తే ఎక్కువవుతోందా, స్టీరింగ్ తిప్పితే మారుతోందా, బ్రేకు తొక్కితే వస్తోందా, గతుకులో పడితేనే వస్తోందా. ఈ మధ్య ఎవరైనా బండిలో ఏం పని చేశారన్నది కూడా రాయండి. పాత పని దగ్గరే కొత్త రోగం మొదలవడం చాలా మామూలు.

ఇదంతా ఎందుకంటే జవాబు సగం ఇందులోనే ఉంటుంది. స్పీడు పెరిగేకొద్దీ ఊఁ అని మూలుగు పెరిగి, బండిని ఒక పక్కకు తిప్పితే ఆ మూలుగు మారుతుంటే వీల్ బేరింగ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. స్పీడ్ బ్రేకర్ మీద మాత్రమే టక్‌మంటే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్డో, లోయర్ ఆర్మ్ బుష్షో. బ్రేకు తొక్కినప్పుడే స్టీరింగ్ వణికితే ముందు బ్రేకు డిస్కులు చూడాలి, బ్రేకు తొక్కకుండానే ఎనభై దగ్గర వణికితే వీల్ బ్యాలెన్సింగ్ చూడాలి. చప్పుడు అప్పుడప్పుడే వచ్చేదైతే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి, ఎందుకంటే షెడ్డు ముందుకు రాగానే బండి పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బుద్ధిగా నిలబడుతుంది.

మీరు చెప్పాల్సింది లక్షణమే, పార్టు పేరు కాదు. "క్లచ్ మార్చాలన్నా" అని మీరే అంటే అతను క్లచ్ మార్చేస్తాడు, ఆనక రోగం పోలేదంటే "మీరే కదా చెప్పింది" అంటాడు, అది నిజమే కూడా.

లైట్ల సంగతి కూడా ఇక్కడే. ఇంజిన్ బొమ్మ పసుపు లైటు నిలకడగా వెలుగుతుంటే ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు. అదే మినుకుమంటుంటే సిలిండర్‌లో మంట సరిగా పడటం లేదని అర్థం, కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి అక్కడున్న, పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది, ఆ పార్టు ధర వింటే నిద్ర పట్టదు. కాబట్టి మెల్లగా పోనిచ్చి దగ్గర్లో ఆపేయాలి. ఆయిల్ క్యాన్ బొమ్మ ఎర్రగా వెలిగినా, టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోయినా అక్కడికక్కడే ఇంజిన్ ఆపాల్సిందే. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని లాగితే ఇంజినే విప్పాల్సిన పని పడుతుంది. వేడి మీదున్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తిప్పొద్దు.

2. ఎవరిని అడగాలి, ఏమని అడగాలి

బండి ఇంకా వారంటీలో ఉంటే ఎక్కువ ఆలోచించొద్దు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కే పోవాలి. తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు షోరూంలు చాలానే ఉన్నాయి. వారంటీలో ఉన్న బండికి బయట వైర్లు కోసి లైట్లూ హారన్లూ పెట్టించుకున్నారంటే రేపు ఎలక్ట్రికల్ సమస్య వచ్చినప్పుడు కంపెనీవాళ్లు ఆ టేపు చుట్టిన వైరునే చూపిస్తారు.

వారంటీ దాటాక మీ ఇష్టం. షోరూంలో పార్టు ఒరిజినల్ దొరుకుతుంది, బిల్లు పక్కాగా ఉంటుంది, కానీ మీతో మాట్లాడే అడ్వైజర్ వేరు, బండి విప్పే మనిషి వేరు, మీరు చెప్పిన "వేడెక్కాకే వస్తోంది" అన్న మాట ఆ మధ్యలో ఎక్కడో రాలిపోతుంది. బయట షెడ్డులో విప్పేవాడితోనే మాట్లాడతాం, అది పెద్ద లాభం. బయటివాళ్లకు ఒకప్పుడు కంపెనీ పార్టులూ, స్కానింగ్ పరికరాలూ సరిగా అందేవి కావు. ఈ గొడవ మీదే, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఇప్పుడు పదేళ్ల బండికి బయట మంచి మెకానిక్ దొరికితే అతనే నయమని నా అభిప్రాయం.

దొరకడమే కష్టం. మామూలుగా మనం అడిగే ప్రశ్న "మంచి మెకానిక్ ఎవరైనా ఉన్నారా?" దానికి ప్రతివాడూ తన బావమరిది పేరే చెబుతాడు. దానికి బదులు ఇలా అడగండి: "నీ బండికి ఏం రోగం వచ్చింది, అతను ఏం చెప్పాడు, ఎన్నిసార్లు తిరిగావు, ఎప్పుడైనా ఏమీ మార్చక్కర్లేదని పంపేశాడా?" ఆ చివరి ప్రశ్నకు అవునన్నారంటే ఆ నంబరు తీసుకోండి.

తిరుపతిలో మనకు ఒక అదృష్టం ఉంది, ట్రావెల్స్ బండ్లు. పొద్దున్నే స్టేషన్ ముందు నిలబడే ఈ కార్లు రోజూ కొండెక్కి దిగుతాయి, శ్రీకాళహస్తికీ కాణిపాకానికీ పోయొస్తాయి, బండి ఒకరోజు షెడ్డులో ఉంటే ఆ రోజు సంపాదన పోయినట్టే. వాళ్లలో బండి సొంతమైన డ్రైవర్‌ను పట్టుకోండి, యజమాని వేరే ఉన్న బండి డ్రైవర్‌ను కాదు. సొంత జేబులోంచి రిపేర్ కట్టేవాడి మాట వేరే ఉంటుంది. మీ కారు మోడలే నడిపేవాడైతే ఇంకా మంచిది.

రెండో చోటు స్పేర్ల దుకాణం కౌంటరు. ఏ షెడ్డు కుర్రాడు ఒరిజినల్ అడుగుతాడు, ఎవడు "తక్కువలో ఏదో ఒకటి ఇయ్యన్నా" అంటాడు, ఎవడు ఒకే బండికి మూడు రకాల సెన్సర్లు తీసుకెళ్లి రెండు తిరిగి తెస్తాడు, ఇదంతా ఆయనకు తెలుసు. సూటిగా అడిగితే పేరు చెప్పరు, వ్యాపారం కదా. "నీ సొంత బండి ఎక్కడ వేస్తావన్నా?" అని అడగండి, చెబుతారు.

గూగుల్లో చుక్కలు చూస్తే చాలదు. ఐదు చుక్కలవి "సూపర్ సర్వీస్" అని ఉంటాయి, వాటివల్ల ఉపయోగం లేదు. మూడు చుక్కలవి చదవండి, అక్కడ నిజం కొంచెం నిదానంగా మాట్లాడుతుంది.

చిత్తూరు వాళ్లు వేలూరు దగ్గర కదా అని అక్కడికి పోతుంటారు. పోవచ్చు, తప్పు లేదు. కానీ రిపేర్ మళ్లీ తిరగబెడితే మళ్లీ మళ్లీ అంత దూరం పోగలరా అన్నది ముందే ఆలోచించుకోండి.

3. బండి బాగున్నప్పుడే ఒకసారి వెళ్లి చూడండి

ఎవరూ చేయరు కానీ అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. టెన్షన్‌లో ఉన్నప్పుడు మనకు ఏదీ కనబడదు. ఊరికే ఆయిల్ సర్వీసు రేటు అడగడానికని వెళ్లి ఒక పావుగంట నిలబడండి.

షెడ్డు నేలమీద గ్రీజు ఉందా లేదా అన్నది నేను పట్టించుకోను. విప్పిన బోల్టులు ఒక ట్రేలోనో డబ్బాలోనో పెడుతున్నారా, నేలమీద పడేస్తున్నారా అన్నది చూస్తాను. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉందా, దాన్ని వాడుతున్నారా? బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ ఉంటే అది గోడకు వేలాడుతోందా, చేతుల్లో తిరుగుతోందా? చక్రాల నట్లు ఆఖరున బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచితో బిగిస్తున్నారా, పైపెక్కి తొక్కుతున్నారా? మూలన దుమ్ము పట్టి నెలల తరబడి నిలిచిపోయిన బండ్లు ఎన్ని ఉన్నాయి? ఒకటి రెండు అందరి దగ్గరా ఉంటాయి, ఐదారు ఉంటే ఆ మనిషి విప్పడం తెలిసి బిగించడం తెలియనివాడని అనుమానించండి. కుర్రాడికి పని చెప్పేటప్పుడు "ఇది మార్చు" అంటున్నాడా, "ఇది ఎందుకు ఇలా ఉందో చూడు" అంటున్నాడా అని చెవి పెట్టి వినండి.

తర్వాత చిన్న పని ఒకటి ఇచ్చి చూడండి, ఆయిల్ మార్పు లాంటిది. పోయే ముందు పాత ఆయిల్ ఫిల్టర్ మీద మార్కర్‌తో చిన్న గీత పెట్టుకోండి. పనయ్యాక ఆ గీత ఇంకా అక్కడే ఉంటే ఇక చెప్పడానికేముంది. గీత లేదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ రెండు గుర్తుల మధ్యలో ఉంది, కింద డ్రెయిన్ బోల్టు దగ్గర కారడం లేదంటే పెద్ద పనికి ఆ మనిషిని నమ్మడానికి కొంత ఆధారం దొరికినట్టే.

4. రోగం తేల్చే దగ్గర నిలబడండి

ఇప్పుడు నా కథ మిగతాది. రెండో షెడ్డు మెకానిక్ బానెట్ ఎత్తలేదు. ముందు అడిగాడు. "చల్లబండికే కొడతాదా, వేడెక్కినాకనా? ఎక్కుడులోనే కొడతాదా, సాపు రోడ్డులో కూడానా?" అన్నీ విని స్కానర్ తగిలించాడు. పీ0302 అని కోడ్ వచ్చింది. అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, పెట్రోలు సరిగా అంటుకోవడం లేదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కోడ్ రోగం ఏ వీధిలో ఉందో చెబుతుంది గానీ ఏ ఇంట్లో ఉందో చెప్పదు. స్పార్క్ ప్లగ్ కావచ్చు, ప్లగ్‌కు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కావచ్చు, వైరు కావచ్చు, ఖర్మ కాలితే సిలిండర్ లోపలి ఒత్తిడి, అంటే కంప్రెషన్, పోయుండొచ్చు.

అతను ఏమీ కొనమనలేదు. రెండో సిలిండర్ మీది కాయిల్ తీసి మూడో దాని మీద పెట్టాడు, మూడో దాన్ని రెండో దాని మీద పెట్టాడు, కోడ్ చెరిపేసి, "ఒక రౌండు పోయొద్దాం సామీ" అన్నాడు. కపిలతీర్థం దాకా పోయి వచ్చాం. బండి అలాగే దగ్గింది. తిరిగొచ్చి స్కానర్ పెడితే ఈసారి పీ0303. "కాయిల్ జరిగింది, దాంతోపాటే రోగమూ జరిగింది చూడండి" అన్నాడు. పావుగంట పని, ఒక్క రూపాయి సామాను లేదు, అనుమానం కూడా లేదు. కాయిల్ 1,900, అతని కూలి 300. ముందు షెడ్డులో మారిన సెన్సరుకు అసలు ఏ రోగమూ లేదు. అక్కడ లైటు ఆరింది సెన్సరు వల్ల కాదు, కోడ్ చెరిపినందువల్ల. చెరిపిన కోడ్ రోగం తగ్గకపోతే మళ్లీ వస్తుంది.

మీరు మెకానిక్ కానక్కర్లేదు. ఏ పార్టు మార్చాలన్నా ఒక్క ప్రశ్న అడగండి: "అదే పోయిందని ఎలా తేల్చావన్నా?" దానికి "కొలిచాను", "మార్చి చూశాను", "ఇదిగో ఇక్కడ చూడండి" అన్న జవాబు రావాలి. "అన్ని బండ్లకూ ఇదే పోతుంది", "నా అనుభవంలో ఇదే" అంటే అది అంచనా మాత్రమే. అంచనా తప్పయితే ఆ పార్టు వెనక్కి తీసుకుంటావా అని నవ్వుతూ అడగండి, జవాబు కన్నా ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఎక్కువగా మోసపోయే చోట్లు కొన్ని చెబుతాను.

బ్యాటరీ. స్టార్ట్ కాలేదంటే బ్యాటరీ మార్చెయ్యమంటారు. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే మల్టీమీటర్ పెడితే మంచి బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపించాలి, ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఇంజిన్ నడుస్తున్నా 12 దగ్గరే ఉంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైపో బెల్టు వైపో చూడాలి, కొత్త బ్యాటరీ పెట్టినా వారంలో అదీ పడుకుంటుంది. కొన్ని కొత్త బండ్లలో ఆల్టర్నేటర్ కావాలనే తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, కాబట్టి ఒక్క రీడింగు చూసి తీర్పు చెప్పొద్దు.

ఏసీ. మన ఎండలకు ఏప్రిల్ వచ్చిందంటే ఏసీ షాపుల ముందు తిరునాళ్లే. "గ్యాస్ అయిపోయింది, కొట్టేద్దాం" అంటారు. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లాగా అయిపోదు, కారిపోతుంది. అది మూసి ఉన్న సిస్టమ్. చాలా ఏళ్ల మీద కొంచెం తగ్గడం మామూలే గానీ, పోయినేడాది నింపింది ఈ ఏడాది ఖాళీ అయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బునీళ్లతో వెతికేవాడు, లేదా లీకు కనబడేలా రంగు (డై) వేసి వెతికేవాడు కావాలి. లీకు చూడకుండా నింపేవాడికి మీరు ఏటా చందా కడుతున్నట్టు.

బ్రేకులు. ఇది మన ఊరి రోగం. కొండ దిగాక "బ్రేకులు మెత్తబడ్డాయి, కాలిన వాసన వస్తోంది" అని వస్తే కొందరు ప్యాడ్లు, డిస్కులు అన్నీ రాసేస్తారు. నమ్మదగినవాడు ముందు అడిగేది "ఏ గేర్లో దిగినారు?" అని. మూడులోనో నాలుగులోనో వదిలేసి మలుపు మలుపుకూ బ్రేకు మీదే దిగితే ఏ బండి అయినా అలాగే అవుతుంది, రెండో గేర్లో ఇంజిన్ పట్టు మీద దిగాలి. తర్వాత చూడాల్సింది బ్రేకు ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, నీరు పట్టాక అదే 155 దగ్గర మరగొచ్చు. మరిగితే బుడగలు వస్తాయి, పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి, మనవాళ్లు బండి అమ్మేదాకా మార్చరు. ప్యాడ్ల మందం కొలిచి చూపించమనండి. మూడు మిల్లీమీటర్లకు వచ్చాయంటే మార్చేయండి, ఆరు ఉంటే ఎందుకు మార్చాలో చెప్పమనండి.

హీటెక్కడం. కూలెంట్ తగ్గిందని ఊరికే నీళ్లు పోసి పంపేవాడి దగ్గరికి మళ్లీ పోవద్దు. ఎటు పోయిందో చూడాలి. ఫ్యాన్ తిరుగుతోందా, కూలెంట్‌కు దారి వదిలే థర్మోస్టాట్ తెరుచుకుంటోందా, పైపులు చెమ్మగా ఉన్నాయా, ఆయిల్ మూత కింద పాల టీ రంగు నురగ ఉందా. ఆ నురగ కనిపిస్తే ఇంజిన్‌లో ఆయిలూ కూలెంటూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం, పెద్ద పని. అప్పుడు తప్పనిసరిగా ఇంకొకరి చేత చూపించుకున్నాకే ఇంజిన్ విప్పించండి.

5. ఎస్టిమేట్, సామాను, డబ్బులు

ఎస్టిమేట్ వాట్సాప్‌లో పెట్టించుకోండి. సామాను వేరే, కూలి వేరే, ప్రతి పార్టు పక్కన ఏ కంపెనీది అన్నది. "మొత్తం తొమ్మిది వేలవుతుంది" అన్నది ఎస్టిమేట్ కాదు. ఇంకో లైను మీరే రాసి పంపండి: "ఇది కాక ఇంకేదైనా మార్చాలంటే ముందు ఫోన్ చెయ్యన్నా, చెప్పకుండా మార్చితే డబ్బులు ఇవ్వను." మొహమాటపడొద్దు, పని తెలిసిన మెకానిక్ దీనికి ఏమీ అనుకోడు.

సామాను నాలుగు రకాలు. కారు కంపెనీ డబ్బాలో వచ్చేది, అదే తయారీదారు తన సొంత పేరుతో అమ్మేది, ఊరూపేరూ లేనిది, పాత బండి నుంచి విప్పింది. రెండో రకం చాలాసార్లు మొదటిదానితో సమానం, ధర తక్కువ, నేను ఎక్కువగా అదే వేయిస్తాను. నాలుగోది అద్దాలకూ డోర్ హ్యాండిల్స్‌కూ ఫర్వాలేదు. చెన్నై పుదుప్పేట నుంచి తెప్పిస్తానని అంటారు, తెప్పించుకోండి, కానీ బ్రేకు, స్టీరింగ్, సస్పెన్షన్ సామాను మాత్రం పాతది వేయించొద్దు. డబ్బా మీద ఎమ్మార్పీ, పార్టు నంబరు కనబడేలా ఫొటో అడగండి, బిగించే ముందే.

పాత పార్టులు మీకిచ్చేయాలని ముందే చెప్పండి, పనయ్యాక అడిగితే "చెత్తలో పోయింది" అంటారు. మనవైపు మాట తేలకపోతే కాణిపాకంలో ప్రమాణానికి రమ్మంటారు కదా, కొత్త పార్టు వేశానా లేదా అన్నదానికి అంత దూరం పోనక్కర్లేదు. అరిగిపోయిన పాత బేరింగ్ చేతిలో పెట్టి తిప్పి చూపిస్తే చాలు.

బిల్లు తీసుకోండి. కారు స్పేర్ల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతం, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. ఎవరైనా ఇంకా 28 వేస్తే అడగండి. చిన్న షెడ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోవచ్చు, అది నేరమేమీ కాదు, కానీ జీఎస్టీ నంబరు లేని కాగితం మీద జీఎస్టీ వసూలు చేయకూడదు. పనికి ఎన్నాళ్ల గ్యారంటీ అన్నది కూడా ఆ కాగితం మీదే రాయించండి, నోటిమాట అయితే నెల తర్వాత ఇద్దరికీ గుర్తుండదు.

బండి వదిలేటప్పుడు కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు, నాలుగు వైపులా గీతలు ఫొటో తీసుకోండి. డాష్‌బోర్డ్‌లోని ఆర్సీ కాగితాలూ, డిక్కీలోని చిల్లర సామానూ ఇంట్లో పెట్టుకోండి.

6. బండి తీసుకునేటప్పుడు, తేడా వస్తే

డబ్బులు కట్టకముందే మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, రోగం ఏ పరిస్థితిలో వచ్చిందో అదే పరిస్థితిలో నడపండి. వేడెక్కాక వచ్చే జర్కును చల్లబండిలో వీధి చివరిదాకా పోయి "సరిపోయింది" అనుకుంటే లాభం లేదు. ఎక్కుడులో వచ్చేదయితే ఎక్కుడు కావాలి. తిరుపతి నుంచి మదనపల్లె పోయే దారిలో భాకరాపేట ఘాట్ ఉంది, చిత్తూరు వాళ్లకు పలమనేరు దారిలో మొగిలి ఘాట్ ఉంది. అంత దూరం మెకానిక్ రాలేకపోతే, "రేపు అటు పోతున్నా, తేడా ఉంటే ఫోన్ చేస్తా" అని చెప్పి సగం డబ్బు ఆపుకోవడానికి ఒప్పుకుంటాడేమో అడగండి. తెలిసిన షెడ్డు అయితే ఒప్పుకుంటారు.

పని కుదరకపోతే మొదటే గొడవకు దిగొద్దు. మళ్లీ అదే షెడ్డుకు పోయి, ఎస్టిమేట్ చూపించి నిదానంగా చెప్పండి. తప్పు చేయని మెకానిక్ ఉండడు, తప్పు చేశాక ఫోన్ ఎత్తేవాడే మనకు కావాల్సినవాడు. ఎత్తకపోతే వేరే చోట చూపించి, ఏం తేడా ఉందో కాగితం మీద రాయించుకుని, 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. బిల్లు, వాట్సాప్ ఎస్టిమేట్, ఫొటోలు దాచుకోమన్నది ఇందుకే.

ఇంకొకటి, ఇది ప్రతి సెలవులకూ చూస్తుంటాను. రేపు తెల్లారి కొండకు ప్రయాణం పెట్టుకుని ఈ రోజు సాయంత్రం ఆరింటికి బ్రేకుల పనికి బండి వేస్తారు. తొందరలో ఎయిర్ బ్లీడింగ్, అంటే బ్రేకు పైపుల్లోని గాలి తీసేయడం, సరిగా చేయకపోయినా, ఒక నట్టు వదులుగా ఉన్నా అది తెలిసేది దిగే మలుపులోనే. బ్రేకుల పని కనీసం రెండు రోజుల ముందు చేయించి, చంద్రగిరి దాకా ఒకసారి పోయొచ్చి, నాలుగు చక్రాల దగ్గరా కింద తడి ఏమైనా ఉందేమో చూసి, పెడల్ గట్టిగా ఉందని తేలాక అప్పుడు అలిపిరి వైపు తిప్పండి. టైం లేకపోతే ఆ రోజుకు బండి ఇంట్లో పెట్టేసి బస్సెక్కండి.